నెలవారీ ఇళ్లే ఆధారం: బెజవాడలో తోటపని, ఇంటిపని వ్యాపారం పెట్టుకున్న అనుభవం

విజయవాడలో తోటపని, ఇంటి శుభ్రం కలిపి చేసే చిన్న వ్యాపారం పెట్టుకుందామనుకునే కుటుంబాలకు మేం మొదట చెప్పే మాట ఇది. ఒక్కరోజు పెద్ద పనుల వెంట పడకండి. పదిహేను రోజులకోసారో నెలకోసారో తప్పకుండా వెళ్లే ఇళ్లు ఓ పాతిక కూడగట్టుకోండి. అవి కూడా ఒకదానికొకటి మూడు నాలుగు కిలోమీటర్ల లోపు ఉండేలా చూసుకోండి. సంక్రాంతికి ముందు ఇల్లంతా దులిపే పని ఒక్కరోజులో చేతినిండా డబ్బిస్తుంది, ఫిబ్రవరిలో మళ్లీ ఆ ఇంటి నుంచి ఫోను రాదు. మిద్దె మీద నలభై కుండీలు చూసే ఇల్లు తక్కువే ఇస్తుంది గానీ ఏడాది పొడుగునా ఇస్తుంది. దసరాకు ఇల్లు కడగాల్సి వచ్చినప్పుడు ఆ ఇంటివాళ్లు మనకే చెబుతారు, ఎందుకంటే మన మొహాలు వాళ్లకు తెలుసు. రెండు పనులూ ఒకే కుటుంబం చేయడంలో ఉన్న అసలు లాభం అదే.

మా పని పటమట, గురునానక్ కాలనీ, కానూరు వైపు. ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లిలో ఒక్క ఇల్లు ఒప్పుకుంటే బెంజ్ సర్కిల్ దగ్గరా, బ్యారేజీ మీదా పోయే గంటలకు ఎవరూ డబ్బివ్వరు. అటు నాలుగు ఇళ్లు ఒకే రోజుకు కుదిరితే అప్పుడు వెళ్లొచ్చు.

ఇంటి మనుషులే కదా, కూలి లెక్కెందుకు అనుకోవడంతోనే ఇలాంటి వ్యాపారాలు చితికిపోతాయి. భార్యాభర్తలు చేసినా, బావమరిది చేసినా, ప్రతి మనిషికీ రోజుకూలి కట్టి ఖర్చులో వేయాలి. ఉదాహరణకు ఇద్దరు పని చేస్తున్నారనీ, ఒక్కొక్కరికి రోజుకు 800 రూపాయలనీ అనుకుందాం. నెలకు 26 రోజులకు 41,600. కూలి 26 రోజులకూ పడుతుంది గానీ, వానలు, పెళ్లిళ్లు, జ్వరాలు పోను నిజంగా పని ఉండేది 22 రోజులు. పెట్రోలు, సబ్బులు, బ్లీచింగ్, ఎరువులకు పనిరోజుకు 270 చొప్పున 5,940. పనిముట్ల అరుగుదలకూ మరమ్మతులకూ నెలకు 3,000. మొత్తం 50,540. ఇక గంటలు చూడండి. ఎనిమిది గంటల రోజులో ప్రయాణం, సామాను దించడం, ఎక్కించడం, భోజనం పోను డబ్బు తెచ్చే గంటలు మనిషికి 5 మించవు. ఇద్దరికి రోజుకు 10, నెలకు 220. 50,540ని 220తో భాగిస్తే మనిషి గంటకు దాదాపు 230 రూపాయలు. ఇందులో పైసా లాభం లేదు, ఖర్చులే. మీ వీధిలో కూలి వేరు కావచ్చు, అంకెలు మారతాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. పక్కవాళ్లు ఎంత తీసుకుంటున్నారో కనుక్కుని అంతకు యాభై తగ్గించి చెప్పడం ధర కట్టడం కాదు.

ఫోన్లో ధర చెప్పకూడదు. "త్రీ బెడ్రూమ్ ఇల్లండీ, ఎంతవుతుంది" అని అడుగుతారు. ఖాళీగా ఉన్న కొత్త ఫ్లాటుకూ, పదేళ్లుగా కాపురం ఉన్న ఇంటికీ సగానికి సగం తేడా ఉంటుంది. "ఒక్కసారి వచ్చి చూసి చెబుతామండీ" అనాలి. చూడ్డానికి వెళ్లినప్పుడు చేతిలో కాగితం ఉండాలి. మేం రాసుకునేవి ఇవి: కుండీలు ఎన్ని, ఏ సైజువి, మిద్దె మీద కుళాయి ఉందా, కిందనుంచి బకెట్లు మోయాలా, నీళ్లు కృష్ణా నీళ్లా, బోరు నీళ్లా, గచ్చు మార్బులా, గ్రానైటా, టైల్సా, చిమ్నీ ఉందా, లిఫ్ట్ ఉందా, అందులో పనివాళ్లను ఎక్కనిస్తారా, బండి ఎక్కడ ఆపాలి, ఇంట్లో కుక్క ఉందా. చివరగా, కత్తిరించిన కొమ్మలూ ఆకులూ ఎవరు తీసుకెళ్లాలి. ఎక్కువ గొడవలొచ్చేది ఈ చివరి విషయం దగ్గరే. రోజూ వచ్చే చెత్తబండిలో రెండు బస్తాల ఆకులు పడతాయేమో గానీ కొమ్మల మోపులు పట్టవు. మేం తీసుకెళ్లాలంటే ట్రాలీ ఆటో కిరాయి వేరేగా రాస్తాం. ఇంట్లో జాగా ఉంటే మూలన కంపోస్టు గుంట గానీ డ్రమ్ము గానీ పెట్టించడం మేలు, ఎండాకులన్నీ అక్కడికే పోతాయి.

ఆ కాగితం మీదే ఏ పని చేస్తామో, ఎన్నాళ్లకోసారి వస్తామో, ఏది చేయమో రాసి ఫోటో తీసి వాళ్లకు వాట్సాప్‌లో పంపాలి. "కాస్త ఆ స్టోర్ రూమ్ కూడా దులిపేయండమ్మా" అని మధ్యలో అడిగితే మొహమాటపడక్కర్లేదు. "చేస్తామండీ, దానికి ఇంకో గంట పడుతుంది, ఇంత అవుతుంది" అని పని మొదలుపెట్టకముందే చెప్పాలి, అయ్యాక కాదు.

కాగితాల పని పెద్దగా లేదు. చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్‌లతో ఆన్‌లైన్‌లో ఉచితంగా అయిపోతుంది. ఫీజు అడిగే వెబ్‌సైటు కనిపించిందంటే అది ప్రభుత్వానిది కాదు. అందులో పని రకం కోడ్ అడుగుతుంది: తోటల సంరక్షణకు 8130, భవనాల శుభ్రానికి 8121తో మొదలయ్యేవి చూసుకోవాలి. సేవల వ్యాపారానికి ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదు. అప్పు కావాలంటే ముద్రా పథకంలో శిశు కింద 50,000 దాకా ఉంటుంది. మొదటి విడత పనిముట్లకు అది సరిపోతుంది, అంతకు మించి అప్పు చేయొద్దు. వ్యాపారం డబ్బుకు వేరే ఖాతా, వేరే క్యూఆర్ కోడ్ పెట్టుకుంటే ఇంటి ఖర్చులతో కలవదు.

పనిముట్ల విషయానికొస్తే, తోటకు రెండు మంచి సికేటర్లు (కొమ్మలు కత్తిరించే చేతి కత్తెరలు), ఒక హెడ్జ్ కత్తెర, మడిచే రంపం, పార, గునపం, రెండు దోకుడుపారలు, 30 మీటర్ల అరంగుళం పైపు, 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్, ఒక టార్పాలిన్ చాలు. టార్పాలిన్ పరిచి దాని మీద కత్తిరిస్తే ఊడ్చే పని సగం తగ్గుతుంది. గడ్డి కోసే బ్రష్ కట్టర్ మొదట్లోనే కొనొద్దు, లాన్ ఉన్న ఇళ్లు నాలుగైనా వచ్చాక చూసుకోవచ్చు. కొన్నాక టూ స్ట్రోక్ ఇంజనైతే పెట్రోల్లో నూనె కొలత తప్పకూడదు. 40:1 అని కంపెనీ చెప్తే లీటరుకు 25 మిల్లీలీటర్లు, 25:1 అయితే 40 మిల్లీలీటర్లు. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు మసి పట్టి స్టార్టు కాదు. కోసేముందు లాన్ అంతా ఒకసారి నడిచి రాళ్లూ మేకులూ ఏరేయాలి. నైలాన్ తీగకు తగిలిన గులకరాయి పార్కింగులో కారు అద్దాన్ని పగలగొట్టగలదు. కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఆ మిషను పట్టుకోకూడదు.

సికేటర్‌ను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్లేటప్పుడు స్పిరిట్ గుడ్డతో తుడవాలి. నిమ్మచెట్టు గజ్జి తెగులు కత్తెరతో కూడా మిగతా నిమ్మజాతి చెట్లకు అంటుకుంటుంది. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ ఇళ్లవాళ్లు గమనిస్తారు.

ఇక మొక్కలు. మన దగ్గర కుండీ మొక్కలు చచ్చేది నీళ్లు చాలక కంటే నీళ్లు ఎక్కువై. కుండీ అడుగు రంధ్రం వేళ్లతోనో మట్టితోనో మూసుకుపోతుంది, పైన మాత్రం ఎండినట్టు కనిపిస్తుంది. పనిమనిషి చూసి మళ్లీ పోస్తుంది. వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడాలి, తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. వెళ్లిన ప్రతిసారీ ఓ సన్న కడ్డీతో అడుగు రంధ్రాలు పొడిచి రావాలి. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు చాలా ఇళ్లలో మొక్కలకు పోస్తున్నారు. అందులో లవణాలు కూడబడి ఉంటాయి, ఆకు కొసలు గోధుమరంగుకు తిరిగి కాలిపోయినట్టు అవుతాయి. ఏసీ నుంచి కారే నీళ్లతో ఆ ఇబ్బంది లేదు.

కుండీ మట్టికి మేం వాడేది ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) ఒక పాలు, కుండీకి గుప్పెడు వేపపిండి. 12 అంగుళాల కుండీకి దాదాపు 15 లీటర్ల మిశ్రమం పడుతుంది. 5 కిలోల కోకోపీట్ దిమ్మె నీళ్లలో నానితే 65 లీటర్ల పైనే అవుతుంది. వాడేముందు రెండుసార్లు కడిగి నీళ్లు పారబోయాలి, లేకపోతే అందులోని ఉప్పుకు లేత వేళ్లు మాడతాయి. నల్లరేగడి మట్టి కుండీలకు వద్దు. తడిస్తే బంకలా అయి గాలి ఆడదు, ఎండితే కుండీ అంచు వదిలేసి బీటలిస్తుంది, పోసిన నీళ్లు ఆ బీటల్లోంచే కిందికి పోతాయి. తడిసిన 12 అంగుళాల కుండీ 20 కిలోల దాకా తూగుతుంది. అంటే యాభై కుండీలంటే టన్ను బరువు. పాత ఇళ్లలో స్లాబు నడిమధ్యన గుంపుగా పెట్టనివ్వకుండా పిట్టగోడల వెంబడి, కింద దూలాలున్న చోట సర్దమని మేం గట్టిగానే చెబుతాం.

కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు బిగుతైన ఎర్రమట్టి ముద్దతో వస్తాయి. ఆ ముద్దను అలాగే కుండీలో దించితే వేళ్లు అందులోనే గిరగిరా తిరుగుతాయి గానీ బయటి మట్టిలోకి రావు. అలాగని ముద్ద పగలగొడితే సన్న వేళ్లు తెగి మొక్క వాడిపోతుంది. కవరు తీసి, ముద్దను పావుగంట నీళ్లలో ఉంచి, అంచుల్లో మెత్తబడ్డ మట్టిని వేళ్లతో కాస్త రాల్చి నాటాలి. వారం రోజులు నీడలో పెట్టాలి. కుండీ మార్చే పని మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక చేయాలి. రోహిణి కార్తెలో ఎవరు అడిగినా చేయకూడదు.

ఆకు పసుపైపోయిందని ఫోను రావడం మామూలే. అన్ని పసుపులూ ఒకటి కాదు. పాత ఆకులు, కింది ఆకులు అంతా ఒకేలా పసుపైతే నత్రజని చాలడం లేదని. కొత్తగా వచ్చిన చివరి ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వలలా కనబడితే అది ఇనుపధాతు లోపం. బోరు నీళ్లు పోసే ఇళ్లలో నూరువరహాల మొక్కను చూడండి, తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి మొక్క లేదు. ఉప్పు నీటికి మట్టి క్షారమై, ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. ఎరువు ఎంత వేసినా పచ్చబడదు, యూరియా వేస్తే ఇంకా పాలిపోతుంది. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయాలి. పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొడితే కొత్త ఆకు పచ్చగా వస్తుంది. అన్నభేది ముందు కరిగించి ఆలస్యం చేస్తే నీళ్లు తుప్పురంగుకు తిరుగుతాయి, అది ఇక పని చేయదు. అందుకని నిమ్మ ఉప్పు ముందు కరిగించి, తర్వాత అన్నభేది వేసి, వెంటనే కొట్టేయాలి. కొట్టేటప్పుడు గోడలకూ మార్బుల్‌కూ పడితే తుప్పు మరక పోదు, కుండీని పక్కకు జరిపి గోనె పరిచి కొట్టండి.

మందారకు పిండినల్లి పట్టని ఇల్లు ఉండదు. చిగురు ముడుచుకుపోయి, కణుపుల దగ్గర తెల్లటి దూదిలా ఉంటుంది. దాని చుట్టూ చీమలు తిరుగుతుంటాయి, ఆ చీమలే దాన్ని కొమ్మ కొమ్మకూ మోస్తాయి. బాగా పట్టిన చిగుళ్లు కత్తిరించి కవర్లో మూటగట్టి తీసుకెళ్లాలి, అక్కడే పడేస్తే మళ్లీ ఎక్కుతుంది. మిగతాదాన్ని పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి రాల్చి, ఆరాక 1500 పీపీఎం బలమున్న వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు కొట్టాలి. నూనెలో ముందు లిక్విడ్ సబ్బు మిల్లీలీటరు వేసి బాగా కలిపి, తెల్లగా పాలలా అయ్యాక నీళ్లు పోయాలి. సబ్బు లేకుండా కలిపితే నూనె పైన తేలి చివరి లీటరంతా నూనే పడి ఆకులు మాడిపోతాయి. దూది గూళ్లలోని గుడ్లు ఒక్కసారికి చావవు కాబట్టి వారం వారం మూడుసార్లు కొట్టాల్సిందే. పదిహేను రోజులకోసారి వెళ్లే ఇంట్లో మధ్య వారం పిచికారీకి వేరేగా రావాలి, ఆ సంగతి ధర చెప్పేటప్పుడే చెప్పుకోవాలి.

కత్తిరింపులకు నెలలున్నాయి. మల్లెను డిసెంబరు, జనవరిలో కత్తిరించి ఆకు దూసేస్తే మార్చి నుంచి పూలిస్తుంది. ఫిబ్రవరి చివర్లో కత్తిరిస్తే ఆ వేసవి పూలు తగ్గుతాయి, ఇంట్లో ఆడవాళ్లు మనల్ని క్షమించరు, అందులో న్యాయం ఉంది. గులాబీలను వానలు వెనకబట్టాక అక్టోబరులో, బయటికి చూసే మొగ్గ పైన పావంగుళంలో ఏటవాలుగా కత్తిరించి, కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ (తెగుళ్ల మందు) ముద్ద పూయాలి, లేకపోతే కొస నుంచి కిందికి ఎండుకుంటూ వస్తుంది. శ్రావణమాసానికి ముందు పూలమొక్క ఏదీ కత్తిరించకూడదు. వేసవిలో ఏప్రిల్ నుంచి జూన్ రెండో వారం దాకా మిద్దె మీద 50 శాతం నీడ వల కట్టించాలి. మొగల్రాజపురం, గుణదల కొండల పక్కన ఇళ్లలో రాయి వేడి రాత్రి కూడా వదలదు, అక్కడ వల కాస్త ముందే కట్టాలి. మే నెలలో మనుషులు కూడా ఉదయం ఆరు నుంచి పదిన్నర వరకే మిద్దె మీద ఉండాలి. ఆ తర్వాత నీడలో చేసే ఇంటిపని పెట్టుకోవచ్చు. రెండు పనులు కలపడం ఇక్కడా కలిసొస్తుంది.

కుండీల కింది పళ్లేల్లో నిలిచిన నీళ్లను వారానికోసారి పారబోయాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. మనం పదిహేను రోజులకోసారి వెళ్తాం కాబట్టి మధ్య వారం ఇంటివాళ్లు చేయాలి. శుక్రవారం డ్రై డే, అంటే నిలిచిన నీళ్లు పారబోసే రోజు అని అందరికీ తెలిసిందే, ఆ రోజున గుర్తుచేస్తూ ఓ మెసేజ్ పెడితే సరిపోతుంది.

మొక్క బతుకుతుందని హామీ ఇవ్వకండి. రోజూ నీళ్లు పోసేది మనం కాదు. నాటే పద్ధతికి బాధ్యత తీసుకుంటామని చెప్పాలి, అంతే.

ఇంటి శుభ్రంలో నష్టాలన్నీ రసాయనాల దగ్గరే జరుగుతాయి. బాత్రూమ్ యాసిడ్ మార్బుల్ మీద పడిందంటే నిమిషంలో నిగనిగ పోయి గరుకుగా, తెల్లగా మచ్చ పడుతుంది. అది మరక కాదు, రాయే తినేయబడింది, పాలిష్ వేయిస్తే తప్ప పోదు. ఇత్తడి, క్రోమియం కుళాయిల మీద పడినా పూత పోతుంది. ఇంటావిడ యాసిడ్ సీసా చేతికిచ్చి "ఇది వేయమ్మా" అన్నా, "మార్బుల్ మీద వెయ్యమండీ అమ్మగారూ, తర్వాత మీరే బాధపడతారు" అని చెప్పి ఆగాలి. మార్బుల్‌కు నిమ్మ ఉప్పు, వెనిగర్ కూడా వద్దు, సబ్బు నీళ్లే. టైల్స్ మీద, గాజు తలుపుల మీద బోరు నీటి తెల్లపొరకు లీటరు నీటిలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి పది నిమిషాలు అంటించి ఉంచితే సరిపోతుంది.

బ్లీచింగ్ పౌడరూ యాసిడూ ఒకే బాత్రూమ్‌లో ఒకే పూట వాడకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, కిటికీ లేని చిన్న బాత్రూమ్‌లో మనిషి పడిపోతాడు. ఇంటివాళ్లు పొద్దున్నే యాసిడ్ పోసి ఉంచి, మనం వెళ్లాక బ్లీచింగ్ వేసే అవకాశం ఉంది. అందుకే మొదలుపెట్టేముందు "ఇవాళ ఏమైనా పోశారా అండీ" అని అడగడం, ముందు ఒట్టి నీళ్లతో బాగా కడగడం రెండూ తప్పనిసరి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, తలుపు తీసే ఉంచాలి.

గుడ్డలకు రంగులు పెట్టుకోవాలి: ఎరుపు బాత్రూమ్, ఆకుపచ్చ వంటిల్లు, నీలం అద్దాలు, పసుపు దుమ్ము. ఒక ఇంటి గుడ్డ ఉతక్కుండా ఇంకో ఇంట్లో వాడకూడదు. కాబట్టి రెండు డజన్లకు తగ్గకుండా ఉండాలి. చిమ్నీ ఫిల్టర్ స్టీలుదైతే లీటరు వేడినీళ్లకు 50 గ్రాముల చాకలి సోడా వేసి ఇరవై నిమిషాలు నానబెడితే జిడ్డు విడిపోతుంది. జాలీ రకం ఫిల్టర్ చాలామటుకు అల్యూమినియం, దానికి సోడా తగిలితే నల్లబడుతుంది. అంట్ల సబ్బు, వేడినీళ్లే వాడాలి. అయస్కాంతం పెట్టి చూద్దామంటే కొన్ని స్టీళ్లకు కూడా అంటదు. చేత్తో ఎత్తి బరువు చూడాలి, తేలిగ్గా ఉంటే అల్యూమినియం.

నీళ్ల ట్యాంకు పని మంచి ఆదాయం, కానీ వరస తప్పితే ఇల్లంతా బురద నీళ్లొస్తాయి. ముందురోజే మోటారు వేయొద్దని చెప్పాలి. వెళ్లగానే ఇంట్లోకి దిగే వాల్వు కట్టేయాలి, లేకపోతే అడుగు మడ్డి గీజర్లోకీ ఆర్వోలోకీ పోతుంది. మిగిలిన నీళ్లు అడుగున ఉండే వాష్‌అవుట్ పైపు నుంచి వదిలేసి, గోడలను నైలాన్ బ్రష్‌తో రుద్ది, మడ్డిని వ్యాక్యూమ్‌తో లాగేయాలి. సబ్బు వాడకూడదు. తర్వాత నింపి, వెయ్యి లీటర్లకు 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 150 గ్రాములు కలపాలి. పొడిని నేరుగా వేయకూడదు. అర బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయాలి. ఇంట్లో కుళాయిలు ఒక్కొక్కటీ తిప్పి క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేసి, రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున ఖాళీ చేసి మంచినీళ్లు నింపాలి. ఆ రాత్రికి తాగడానికీ వండడానికీ నీళ్లు ముందే పట్టుకోమని చెప్పడం మరవకూడదు. ఆ క్లోరిన్ నీళ్లు డ్రైనేజీలోకే పోవాలి, మిద్దె మీద కుండీల్లోకి పారితే మన తోటను మనమే చంపుకున్నట్టు. బ్లీచింగ్ ప్యాకెట్ విప్పాక నెలలో బలం పోతుంది, కాబట్టి కిలో ప్యాకెట్లే కొనాలి.

సంపులోకి ఒక్క మనిషి ఎప్పుడూ దిగకూడదు. మోటారు ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) దించి, మూత తీసి గాలి ఆడనిచ్చి, పైన ఒకరు నిలబడి ఉండగానే దిగాలి. పెట్రోలుతో నడిచే నీళ్ల పంపును సంపులో గానీ దాని మూతి దగ్గర గానీ నడపకూడదు, దాని పొగకు లోపలి మనిషి ఊపిరాడక పోతాడు. సెప్టిక్ ట్యాంకు పని ఎంత డబ్బిస్తామన్నా వద్దు. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని అందులోకి దించడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం, దిగినవాళ్ల ప్రాణాలు పోతున్నాయి. బొద్దింకలకు, చెదలకు మందు కొట్టే పనికీ లైసెన్సు కావాలి, అది ఉన్నవాళ్ల నంబరు ఇచ్చేయండి. కొబ్బరిచెట్టు ఎక్కే పని దానికి అలవాటుపడ్డ మనిషిని పిలిపించి చేయించాలి. కిటికీ సన్‌షేడ్ మీద నిలబడి బయటి అద్దాలు తుడవడం, ఎనిమిదడుగుల నిచ్చెన దాటి పైకి ఎక్కడం కూడా మేం ఒప్పుకోం.

తోటల్లో పాముల సంగతి. ఎండాకుల కుప్పనైనా, వరసగా పేర్చిన ఖాళీ కుండీలనైనా ముందు కర్రతో తట్టి, గంబూట్లు వేసుకునే కదపాలి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం చేయకుండా, కదలనివ్వకుండా 108 పిలిచి ప్రభుత్వాసుపత్రికే తీసుకెళ్లాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లు మునిగినప్పుడు శుభ్రం పని ఎలా చేయాలో నగరమంతటికీ తెలిసొచ్చింది. వరద ఒండ్రు తడిగా ఉండగానే పారతో, వైపర్‌తో ఎత్తేయాలి. ఎండిందంటే సిమెంటులా పట్టేసి, గోకితే దుమ్మై లేస్తుంది. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ చూసి సరే అన్నాకే లోపలికి వెళ్లాలి. బురద పోయాక సబ్బుతో కడిగి, ఆ తర్వాతే లీటరుకు 30 గ్రాముల బ్లీచింగ్ కలిపిన నీళ్లతో గచ్చు, గోడల అడుగు భాగం తుడవాలి. మురికి మీద బ్లీచింగ్ చల్లితే దాని బలమంతా ఆ మురికికే ఖర్చవుతుంది. అలాంటి రోజుల్లో రేటు పెంచకండి. ఆ ఇళ్లే తర్వాత మీకు నెలవారీ ఇళ్లవుతాయి, అదొక్కటే కారణం కాదు, అప్పుడు వాళ్ల దగ్గర ఏమీ ఉండదు.

నమ్మకం గురించి కొన్ని పద్ధతులు పెట్టుకోవాలి. ఒక ఇంటికి ఎప్పుడూ అవే మనుషులు వెళ్లాలి, ఇద్దరికి తగ్గకూడదు, ఇంట్లోపలి పనికి ఒక ఆడమనిషైనా ఉండాలి. బీరువా, దేవుడి గది ముట్టుకోం అని మొదటే చెప్పాలి. పగిలి ఉన్న టైలు, గీత పడ్డ అద్దం పని మొదలుపెట్టకముందే చూపించి ఫోటో తీయాలి. ఇంటి తాళాలు తీసుకోకూడదు. మన చేతిలో ఏదైనా పగిలితే వాళ్లు చూసేలోపు మనమే చెప్పాలి. పిల్లల్ని పనికి తీసుకెళ్లకూడదు, సెలవుల్లో అయినా సరే.

పాతిక ఇళ్లు దాటితే బయటి మనిషి కావాల్సి వస్తుంది. మొదటి నెలంతా ఇంటి మనిషి పక్కనే పంపాలి. యాసిడ్, ట్యాంకు, బ్రష్ కట్టర్ ఈ మూడూ ఆ నెలలో చేతికివ్వకూడదు. ఆధార్ నకలు తీసుకోవాలి, జీతం బ్యాంకులోనే వేయాలి. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) పదిమంది ఉంటేనే తప్పనిసరి కాబట్టి చిన్న వ్యాపారంలో దెబ్బ తగిలితే ఆదుకునేది మరొకటి చూసుకోవాలి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తుంది. 18 నుంచి 70 ఏళ్ల దాకా బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లెవరైనా చేరొచ్చు. ఇంటి మనుషులకూ, బయటి మనిషికీ ఆ 20 రూపాయలు వ్యాపారం ఖాతా నుంచే ఇవ్వాలి. బీమా ఏడాది జూన్ 1తో మొదలవుతుంది, కాబట్టి మే ఆఖరు వారంలో అందరి ఖాతాల్లో అంత డబ్బు ఉందో లేదో ఒకసారి చూసుకోండి.